బెంగళూరు పరిశోధనా డేటా సెంటర్లకు బ్యాకప్ కరెంటు దేనికి కావాలి, ఎంత కావాలి

బెంగళూరులో కరెంటు పోవడం రెండు రకాలు. ఏప్రిల్, మే సాయంత్రాల్లో మబ్బు పట్టి, ఈదురుగాలి లేచి, ఏ చెట్టుకొమ్మో తీగలకు తగిలితే లైట్లు ఒక్కసారి మినుక్కుమని మళ్ళీ వెలుగుతాయి. సీలింగ్ ఫ్యాన్ వేగం తగ్గేలోపే కరెంటు తిరిగొస్తుంది. ఇది మొదటి రకం, సీజన్లో వారానికి ఎన్నిసార్లు జరుగుతుందో ఎవరూ లెక్కపెట్టరు. రెండో రకంలో కేబుల్ కాలిపోతుంది, లేదా ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. అప్పుడు గంటల తరబడి అంతే సంగతులు. మొదటిది తరచుగా వస్తుంది, రెండోది అరుదుగా వస్తుంది. పరిశోధనా సంస్థల కంప్యూటర్ గదులకు బ్యాకప్ ఎలా ఉండాలో తేల్చుకునే ముందు ఈ తేడా గుర్తుంచుకోవాలి. ఎందుకంటే టెండర్లు దాదాపు ఎప్పుడూ రెండో రకాన్ని చూసి భయపడుతూ రాస్తారు, నష్టం మాత్రం ఎక్కువగా మొదటి రకంతోనే జరుగుతుంది.

మన గ్రిడ్ 50 హెర్ట్జ్‌ది. అంటే ఒక పూర్తి ఆవర్తనానికి 20 మిల్లీసెకండ్లు పడుతుంది. సర్వర్ పవర్ సప్లై తన కెపాసిటర్లలో ఉన్న ఛార్జ్‌తో 10 నుంచి 20 మిల్లీసెకండ్లు నెట్టుకురాగలదు. అంటే కరెంటు అర ఆవర్తనం, మహా అయితే ఒక ఆవర్తనం పాటు పోయినా పరవాలేదు, అంతకంటే ఎక్కువైతే సర్వర్ ఆగిపోతుంది. సీలింగ్ ఫ్యాన్ వేగం కూడా తగ్గని అర సెకనులో వందలాది నోడ్లు, అంటే కలిసి పనిచేసే సర్వర్లు, ఒక్కసారిగా పడిపోతాయి.

ఈ నగరంలో ఇలాంటి కంప్యూటర్లకు కొదవ లేదు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో 2015లో సహస్ర-టి అనే క్రే యంత్రం వచ్చింది. 2022లో జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ కింద 3.3 పెటాఫ్లాప్స్ సామర్థ్యమున్న పరమ్ ప్రవేగ వచ్చింది. అంటే సెకనుకు 3,300 లక్షల కోట్ల లెక్కలు. జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ పరిశోధనా కేంద్రంలో పరమ్ యుక్తి ఉంది. పేరున్న ఈ పెద్ద యంత్రాలు కాక విభాగాల్లో, ల్యాబుల్లో 10, 20 నోడ్ల క్లస్టర్లు, అంటే కంప్యూటర్ల గుంపులు, ఎన్నో. వాటి మీద లెక్కలు నడిపే విద్యార్థుల్లో అనంతపురం నుంచి, చిత్తూరు నుంచి, కర్నూలు నుంచి వచ్చినవాళ్ళు చాలామందే. హాస్టల్ గదిలో లైటు మినుక్కుమనగానే వాళ్ళకు మొదట వచ్చే టెన్షన్ ఒకటే: జాబ్ (కంప్యూటర్‌కు అప్పగించిన లెక్క) ఉందా, పోయిందా?

"అన్నా, నాలుగు రోజుల నుంచి నడుస్తున్న జాబ్ పోయింది."

"రీస్టార్ట్ ఫైల్ ఎప్పుడు రాసింది తమ్ముడూ?"

"రాయమని పెట్టలేదన్నా."

క్లస్టర్ చూసుకునే సీనియర్‌కూ కొత్తగా చేరిన జూనియర్‌కూ మధ్య ఇలాంటి మాటలు ఏ ల్యాబ్‌లోనైనా వినిపిస్తాయి. ఆ కుర్రాడి బాధ చిన్నది కాదు. నాలుగు రోజుల పనితోపాటు క్యూలో ఎదురుచూసిన రెండు రోజులూ పోయాయి. అయితే దీనికి మందు ఏమిటన్నది ఆలోచించాల్సిన విషయం. మామూలుగా వచ్చే జవాబు ఇంకా పెద్ద యూపీఎస్, ఇంకా పెద్ద డీజీ సెట్ (డీజిల్ జనరేటర్). పరిశోధనా కంప్యూటింగ్‌కు సంబంధించినంత వరకు ఈ జవాబు చాలావరకు తప్పు, పైగా చాలా ఖరీదైన తప్పు.

బ్యాంకు డేటా సెంటర్ సంగతి వేరు. అక్కడ ఒక సెకను ఆగితే ఎవరి డబ్బో మధ్యలో ఇరుక్కుంటుంది. అందుకే ప్రతి సర్వర్‌కూ రెండు దారుల్లో కరెంటు, ప్రతి దారికీ యూపీఎస్, వెనక డీజీ ఉంటాయి. పరిశోధనా క్లస్టర్‌లో నూటికి 80, 90 వంతుల కరెంటు తినేవి కంప్యూట్ నోడ్లు. అవి చేసే పని ప్రొటీన్ కదలికలను లెక్కించడమో, రుతుపవనాల నమూనా నడపడమో. మధ్యలో ఆగితే ఆగినచోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టవచ్చు, ఆగినచోటు ఎక్కడో రాసిపెట్టుకుంటే. ఆ సీనియర్ అడిగిన రీస్టార్ట్ ఫైల్ అదే. స్టోరేజ్ అలా కాదు. వందల డిస్కుల మీద పరుచుకున్న ఫైల్ సిస్టమ్ రాతలో ఉండగా కరెంటు పోతే, తాత్కాలిక మెమరీలో (కాష్‌లో) ఉన్నది పోవడమే కాకుండా ఫైళ్ళ సూచికే చెదిరిపోవచ్చు. దాన్ని సరిచూసుకోవడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. జీనోమ్ సీక్వెన్సర్ నుంచో, టెలిస్కోప్ నుంచో అప్పుడే వస్తున్న డేటా అయితే ఇక మళ్ళీ దొరకదు.

అంటే ఒకే గదిలో రెండు రకాల లోడ్ ఉంది. మళ్ళీ చేసుకోగలిగిన లెక్క ఒకటి, పోతే రాని డేటా ఇంకొకటి. రెండింటికీ ఒకే స్థాయి బ్యాకప్ ఇవ్వడం దగ్గరే వృథా మొదలవుతుంది. పెద్ద ప్రయోగశాలలు ఈ విషయాన్ని ఎప్పుడో గ్రహించాయి. జెనీవా దగ్గరి కణ భౌతికశాస్త్ర ప్రయోగశాల సెర్న్ డేటా సెంటర్‌లో ఏళ్ళ తరబడి డీజిల్ అండ ఉన్నది కీలకమైన కొద్ది భాగానికే. భౌతికశాస్త్ర లెక్కలు చేసే సర్వర్ల గుంపుకు యూపీఎస్ మీద కొన్ని నిమిషాలు మాత్రమే ఇచ్చారు. కాలిఫోర్నియాలో కార్చిచ్చు భయంతో 2019 అక్టోబరులో కరెంటు ఆపినప్పుడు బర్క్‌లీ ల్యాబ్ వాళ్ళు తమ సూపర్ కంప్యూటర్‌ను జనరేటర్ల మీద నడపాలని చూడలేదు, ఆపేశారు.

ఇప్పుడు యూపీఎస్ సంగతి. సాధారణంగా కొనేది ఆన్‌లైన్ రకం, అంటే వచ్చే ఏసీని డీసీ చేసి, ఆ డీసీని మళ్ళీ ఏసీ చేసి పంపేది. కరెంటు ఉన్నా లేకపోయినా రోజుకు 24 గంటలూ ఈ రెండు మార్పిళ్ళు జరుగుతూనే ఉంటాయి, ప్రతి మార్పిడిలో కొంత వేడిగా పోతుంది. మంచి యంత్రం, సరైన లోడ్ అయితే 95, 96 శాతం బయటికి వస్తుంది. పాతదైతే 92, 93. లోడ్ 20 శాతం కంటే కిందికి పడితే ఇంకా దిగజారుతుంది.

చాలాచోట్ల లోడ్ అలా కిందే ఉంటుంది. దానికి కారణం సాంకేతికత కాదు, కొనే పద్ధతి. ప్రతి సర్వర్ వెనక ప్లేటు మీద రాసిన వాట్లన్నీ కూడతారు, అసలు వాడకం అందులో సగం కూడా ఉండదు. ఆ మొత్తానికి "రేపటి అవసరం" అంటూ ఇంకో 30 శాతం కలుపుతారు. తర్వాత, ఒకటి పాడైతే ఇంకొకటి ఉండాలని అదే సైజువి రెండు కొంటారు. చివరికి 150 కిలోవాట్ల లోడ్‌ను రెండు 500 కేవీఏ యూపీఎస్‌లు పంచుకుంటాయి, ఒక్కోదాని మీద 15 శాతం. యూపీఎస్ ప్రాజెక్టు గ్రాంటులోంచి వస్తుంది, కరెంటు బిల్లు ఎస్టేట్ ఆఫీసు కడుతుంది. కొన్నవాళ్ళకు ఆ బిల్లు ఎప్పుడూ కనిపించదు. ఈ ఒక్క ఏర్పాటు మారితే, అంటే క్లస్టర్ గదికి విడిగా మీటర్ పెట్టి నెలనెలా ఆ అంకె కొన్నవాళ్ళ బల్ల మీదికి వస్తే, సగం సమస్య దానంతటదే తేలుతుంది.

ఆ అంకె ఎంతుంటుందో ఒకసారి లెక్కేద్దాం. 500 కిలోవాట్ల కంప్యూటర్ లోడ్ అనుకుందాం. 93 శాతం సామర్థ్యంతో పనిచేసే యూపీఎస్ గ్రిడ్ నుంచి సుమారు 538 కిలోవాట్లు లాగుతుంది. అదే యూపీఎస్‌ను ఎకో మోడ్‌లో నడిపితే, అంటే గ్రిడ్ బాగున్నంతసేపు కరెంటును నేరుగా పంపి తేడా వచ్చినప్పుడే ఇన్వర్టర్‌ను రంగంలోకి దించితే, సామర్థ్యం 98.5 శాతం దాకా వెళ్తుంది, లాగేది సుమారు 508 కిలోవాట్లు. తేడా 30 కిలోవాట్లు. ఏడాదికి 8,760 గంటలు, అంటే దాదాపు 2 లక్షల 63 వేల యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు అనుకున్నా 21 లక్షలు. ఆ 30 కిలోవాట్లూ గదిలో వేడిగా తేలతాయి కాబట్టి వాటిని బయటికి తోయడానికి ఏసీలకు అయ్యే ఖర్చు అదనం. కరెంటు ఒక్కసారి కూడా పోని సంవత్సరంలో కూడా ఈ డబ్బు పోతూనే ఉంటుంది.

ఎకో మోడ్ అనగానే ఇంజినీర్లు తల అడ్డంగా ఊపుతారు. మారే ఆ కాస్త సమయంలో సర్వర్ పడిపోతే ఎలా అని వాళ్ళ భయం. కొత్త యంత్రాల్లో ఆ సమయం 2 నుంచి 4 మిల్లీసెకండ్లు. సర్వర్ పవర్ సప్లై 10 మిల్లీసెకండ్లు తట్టుకుంటుందని పైన చెప్పుకున్నదే. ఆ భయంలో నిజమైన భాగం పిడుగులు. గ్రిడ్‌కూ సర్వర్‌కూ మధ్య ఇన్వర్టర్ అడ్డం లేనప్పుడు మెయిన్ ప్యానెల్‌లో సర్జ్ (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజ్) నుంచి రక్షణ, సరైన ఎర్తింగ్ తప్పనిసరి. మేలో పిడుగుల రోజుల్లో ఆన్‌లైన్ మోడ్‌లోకి, డిసెంబరులో ఎకో మోడ్‌లోకి మార్చుకున్నా తప్పేం లేదు. స్టోరేజ్ యూపీఎస్‌ను ఏడాదంతా ఆన్‌లైన్ మోడ్‌లోనే ఉంచడం మంచిది.

ఇక విద్యార్థి జాబ్ సంగతి. లెక్క స్థితిని డిస్కు మీద రాసుకోవడాన్ని చెక్‌పాయింట్ అంటారు. అది ఎన్ని గంటలకోసారి చేయాలి అన్న ప్రశ్నకు 1974లోనే జాన్ యంగ్ అనే పరిశోధకుడు ఒక చక్కని సూత్రం ఇచ్చారు. ఒకసారి రాయడానికి పట్టే సమయాన్ని, సగటున ఎంతకాలానికి ఒకసారి ఏదో ఒకటి పాడవుతుందన్న సమయాన్ని గుణించి, రెట్టింపు చేసి, వర్గమూలం తీస్తే అదే సరైన వ్యవధి. రాయడానికి 5 నిమిషాలు, పది రోజులకొక అంతరాయం అనుకుందాం. పది రోజులంటే 14,400 నిమిషాలు. సూత్రం ప్రకారం వ్యవధి సుమారు 380 నిమిషాలు, అంటే ఆరు గంటల ఇరవై నిమిషాలు. ప్రతి 380 నిమిషాలకు 5 నిమిషాలు రాతకు పోతే 1.3 శాతం. అంతరాయం వచ్చినప్పుడు సగటున అందులో సగం వ్యవధి, 190 నిమిషాల పని మళ్ళీ చేయాలి. పది రోజులకు పంచితే అదీ 1.3 శాతమే. మొత్తం 2.6 శాతం.

పక్కన పెట్టి చూస్తే 93 శాతం యూపీఎస్ వృథా 7 శాతం. పైగా యూపీఎస్ కాపాడేది కరెంటు పోయినప్పుడే. మెమరీ చిప్ పాడైనా, జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) హ్యాంగ్ అయినా, కేబుల్ ఊడినా అది చేయగలిగింది ఏమీ లేదు. చెక్‌పాయింట్ వీటన్నిటి నుంచీ కాపాడుతుంది. కాబట్టి ఎంత పెద్ద బ్యాకప్ ఉన్నా చెక్‌పాయింట్ ఎలాగూ కావాలి. అది ఉన్నాక కంప్యూట్ నోడ్లకు అరగంట బ్యాటరీ దేనికన్న ప్రశ్నకు గట్టి జవాబు దొరకదు. వాడుకలో ఉన్న చాలా సైన్స్ సాఫ్ట్‌వేర్లలో ఈ సదుపాయం ముందే ఉంది, జాబ్ స్క్రిప్టులో ఒకటి రెండు లైన్లు రాస్తే చాలు. ఆ లైన్లు లేని జాబ్‌ను 24 గంటలకు మించి నడవనివ్వకుండా షెడ్యూలర్‌లో, అంటే జాబులను వరసలో పెట్టి నడిపే సాఫ్ట్‌వేర్‌లో, నియమం పెట్టడం అడ్మిన్ చేతిలోని పని. పైకి కఠినంగా కనిపిస్తుంది గానీ, ఆ తమ్ముడి నాలుగు రోజుల్ని కాపాడేది అదే.

కంప్యూట్ నోడ్లకు నిజంగా కావలసింది రెండు మూడు నిమిషాలు. మినుకులన్నీ అందులోనే దాటిపోతాయి. ఒక నిమిషం దాటినా కరెంటు రాకపోతే, యూపీఎస్ పంపిన సంకేతం అందుకుని స్లర్మ్ వంటి షెడ్యూలర్ కొత్త జాబులు ఆపి, నడుస్తున్నవాటిని రాసుకోమని చెప్పి, జీపీయూల పవర్ పరిమితిని దించేస్తుంది. లోడ్ సగమైతే బ్యాటరీ రెట్టింపు కంటే కాస్త ఎక్కువే వస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ స్వభావం అది, తొందరపెడితే తక్కువ ఇస్తుంది, నెమ్మదిగా తీసుకుంటే ఎక్కువ ఇస్తుంది. ఇదంతా జరగాలంటే చెక్‌పాయింట్ రాత రెండు నిమిషాల్లో ముగిసేంత వేగం స్టోరేజ్‌కు ఉండాలి. బ్యాటరీ మీద పెట్టే డబ్బులో కొంత వేగమైన డిస్కుల మీద పెడితే ఏడాదంతా పనికొస్తుంది.

బ్యాటరీ గదిలోకి ఒకసారి తొంగిచూస్తే ఇంకో సమస్య కనిపిస్తుంది. 12 వోల్టుల బ్లాకులు నలభై, వరసగా ఒకదానికొకటి కలిపి ఉంటాయి. మూలన ఉన్న ఒక బ్లాకు పక్కలు ఉబ్బి ఉంటాయి, టెర్మినల్ చుట్టూ తెల్లటి పొడి. టెక్నీషియన్ మల్టీమీటర్ పెట్టి చూసి "ఇది కూర్చుంది సార్" అంటాడు. వరస కనెక్షన్ కాబట్టి ఆ ఒక్కటి కూర్చుంటే మిగతా ముప్పై తొమ్మిదీ ఉన్నా లేనట్టే. పది నిమిషాలకని కొన్న వరస నలభై సెకన్లలో చేతులెత్తేస్తుంది, ఆ సంగతి కరెంటు పోయిన రోజే బయటపడుతుంది. ఈ బ్యాటరీలకు ఇష్టమైన వేడి 25 డిగ్రీలు. దానిపైన ప్రతి 8, 10 డిగ్రీలకు ఆయుష్షు సగమవుతుంది. బెంగళూరు చల్లని ఊరని నమ్మి బ్యాటరీ గదికి ఏసీ పెట్టని చోట్లున్నాయి. కిటికీ లేని ఆ గది మధ్యాహ్నం 35 దాటుతుంది, ఐదేళ్ళ బ్యాటరీ రెండేళ్ళకే పోతుంది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు ఈ వేడిని మెరుగ్గా తట్టుకుంటాయి, పదేళ్ళు దాటి పనిచేస్తాయి, చోటు తక్కువ తీసుకుంటాయి, ప్రతి సెల్ పరిస్థితినీ తామే చెబుతాయి. వచ్చే కొనుగోళ్ళు ఇటే వెళ్ళాలి. అయితే లిథియం అంటే ఒకే రకం కాదు, జాగ్రత్తలూ ఒకటే కాదు. దక్షిణ కొరియాలో 2022 అక్టోబరులో పాంగ్యో డేటా సెంటర్‌లో, 2025 సెప్టెంబరులో డేజాన్‌లోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీల దగ్గర అంటుకున్న మంటలు దేశమంతటి సేవల్ని ఆపేశాయి. డేజాన్‌లో 858 టెరాబైట్ల ప్రభుత్వ ఫైళ్ళు వేరే నకలు లేక శాశ్వతంగా పోయాయి. డేటాను కాపాడాలని పెట్టిన బ్యాటరీయే దాన్ని తగలబెట్టింది. కాబట్టి బ్యాటరీ, సర్వర్ ఒకే గదిలో ఉండకూడదు. డేటా నకలు ఒకే భవనంలో ఉండకూడదు. బ్యాటరీ ఎంత చిన్నదైతే మంటకు దొరికే ఇంధనం అంత తక్కువ అన్నదీ లెక్కలోకి రావాలి.

సెకన్ల బ్యాకప్‌కు ఫ్లైవీల్ ఇంకో దారి. బరువైన చక్రాన్ని తిప్పుతూ ఉంచి, కరెంటు పోగానే ఆ తిరుగుడు నుంచి 15, 20 సెకన్లు కరెంటు తీసుకోవడం. డీజీ ఎక్కడానికి పది సెకన్లు చాలు కాబట్టి కాగితం మీద సరిపోతుంది. డీజీ మొదటి ప్రయత్నంలో ఎక్కకపోతే మాత్రం రెండో ప్రయత్నానికి టైముండదు. మన క్యాంపస్‌లలో ఉండే నిర్వహణతో ఇది అంత ధైర్యంగా చెప్పగలిగిన సలహా కాదు.

ఎక్కువమంది పట్టించుకోనిది చల్లదనం. 500 కిలోవాట్ల గదిలో ఏసీలు ఆగి సర్వర్లు మాత్రం బ్యాటరీ మీద నడుస్తుంటే, కిక్కిరిసిన ర్యాకుల్లో కొద్ది నిమిషాల్లోనే వేడి పరిమితి దాటుతుంది, సర్వర్లు తమంతట తామే ఆగిపోతాయి. బ్యాటరీలో ఇంకా ఇరవై నిమిషాలు మిగిలున్నా దానివల్ల ఒరిగేదేమీ లేదు. నీళ్ళతో చల్లబరిచే కొత్త యంత్రాల్లో దీనికి సులువైన మార్గం ఉంది. చల్లని నీళ్ళ ట్యాంకు ఒకటి పెట్టి, పంపుల్ని మాత్రం యూపీఎస్ మీద ఉంచితే చాలు. 500 కిలోవాట్ల వేడిని పది నిమిషాలు మింగడానికి, నీళ్ళు 8 డిగ్రీలు వేడెక్కడానికి ఒప్పుకుంటే, కావలసినవి సుమారు 9,000 లీటర్లు. బెంగళూరు వీధుల్లో తిరిగే 12,000 లీటర్ల టాంకర్‌లో ముప్పావు వంతు. ఆ నీళ్ళు మూసిన పైపుల్లోనే తిరుగుతాయి, ఆవిరైపోవు. 2024 వేసవిలో ఒక్కో టాంకర్ కోసం నగరం పడిన పాట్లు చూశాక ఈ మాట చెప్పడం అవసరం. నీళ్ళను చల్లబరిచే యంత్రాలైన చిల్లర్లను యూపీఎస్ మీద నడపాలంటే కావలసిన బ్యాటరీతో పోలిస్తే ఈ ట్యాంకు ఖర్చు ఏపాటిది?

డీజిల్ విషయం త్వరగా చెప్పుకోవచ్చు. ఒక లీటరుకు మూడున్నర యూనిట్ల దాకా వస్తుంది. లీటరు 90 రూపాయలంటే యూనిట్ 26 దాకా పడుతుంది, లీటరుకు సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ కూడా. చల్లదనంతో కలిపి 650 కిలోవాట్లను గంటసేపు నడిపితే 180 లీటర్లకు పైనే. పెద్ద జనరేటర్ మీద చిన్న లోడ్ పెట్టినా నష్టమే. 30 శాతానికి తక్కువ లోడ్‌లో ఎక్కువసేపు నడిస్తే పూర్తిగా కాలని డీజిల్ పొగగొట్టంలో జిగటగా పేరుకుంటుంది. 2023 జులై నుంచి కొత్త జనరేటర్లకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నాలుగో దశ నియమాలు వచ్చాయి, అవి పొగను బాగా తగ్గించాయి, ధరను పెంచాయి కూడా. స్టోరేజ్, నెట్‌వర్క్, లాగిన్ సర్వర్లు, పంపులు, వీటికి సరిపోయే చిన్న డీజీ ఒకటి ఉంటే చాలు. ఇదే చెన్నై అయితే లెక్క కొంచెం మారుతుంది. 2016 డిసెంబరులో వర్దా తుపాను తర్వాత కొన్ని ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు లేదు. 2015 వరదల్లో సెల్లార్లలో పెట్టిన జనరేటర్లు నీట మునిగాయి. అక్కడ డీజీ ఎంత పెద్దదన్న దానికంటే ఏ అంతస్తులో ఉందన్నది ముఖ్యం.

సౌర విద్యుత్తుతో బ్యాకప్ అనే మాట ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తోంది. బెంగళూరుకు ఉత్తరాన, ఇంట్లో తెలుగు మాట్లాడే పావగడ పల్లెల్లో, రైతుల నుంచి లీజుకు తీసుకున్న దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్క్ ఉంది. క్యాంపస్ కరెంటు అలాంటి చోటి నుంచి వస్తే బిల్లు, కాలుష్యం రెండూ తగ్గుతాయి. కానీ అది గ్రిడ్ తీగల మీదుగానే రావాలి, తీగ తెగితే అదీ రాదు. క్యాంపస్ కప్పు మీది ప్యానెళ్ళు కూడా, వెనక బ్యాటరీ, దానికి తగిన ఇన్వర్టర్ లేకపోతే, గ్రిడ్ పోగానే రక్షణ కోసం ఆగిపోతాయి. సోలార్ మంచిదే, అయితే అది బ్యాకప్ పద్దులో రాయాల్సింది కాదు.

ఈ ఏర్పాట్లన్నీ పనిచేస్తాయో లేదో తెలియాలంటే ఒకటే దారి. ఏడాదికి రెండుసార్లు, ముందే చెప్పి, ఒక ఆదివారం పొద్దున మెయిన్ బ్రేకర్‌ను నిజంగానే దించేయాలి. గడియారం చూస్తూ నిలబడాలి: ఏ నోడ్ ఎప్పుడు ఆగింది, పంపులు తిరుగుతున్నాయా, డీజీ ఎన్నో సెకనులో ఎక్కింది, స్టోరేజ్ శుభ్రంగా ఉందా. మొదటిసారి ఇలా చేసినచోట ఏదో ఒకటి బయటపడక మానదు. చాలాసార్లు అది యూపీఎస్ నుంచి షెడ్యూలర్‌కు కబురు మోసే చిన్న నెట్‌వర్క్ స్విచ్ అయ్యుంటుంది. అన్నిటికీ బ్యాకప్ ఇచ్చి, దాన్ని మాత్రం ఎవరో ఎప్పుడో గోడకున్న మామూలు సాకెట్‌లో పెట్టి ఉంటారు.